కడుపుమంటకు పథ్యం

ఎలింకిన్
1976 ఆగస్టు

చెల్లి బిబియాన్‌కు,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషిని గుమ్మంలో చూసి గుర్తుపట్టలేకపోతావేమోనని ముందే రాస్తున్నాను. మీ బావ గస్పారే. అంతగా చిక్కిపోయారు. ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు, ఆ తర్వాత చదువు.

వానలు మొదలైనప్పటి నుంచీ కడుపులో నొప్పంటున్నారు. తింటే మంట, తినకపోతే ఇంకా మంట. ఇక్కడి నర్సు మాత్రలిచ్చి ఇచ్చి చివరికి చేతులెత్తేసింది. "దకార్ పంపండి, పెద్దాసుపత్రిలో చూపించండి" అంది. నేనే తీసుకొచ్చేదాన్ని. కానీ నా సంగతి నీకు తెలుసుగా, ఆరో నెల. పైగా నాట్లు. ఆయన దున్ని పెట్టిన మడులు నీళ్ళతో నిండి ఉన్నాయి, నారు ముదిరిపోతోంది. నేను వంగలేక వంగి నాటుతుంటే మా అత్త గట్టు మీద కూర్చుని, "మా రోజుల్లో మడిలోనే కని, బొడ్డు కోసి, మిగతా నారు నాటేవాళ్ళం" అంటోంది. ఆవిడ మాటలకేం.

అందుకని నీ దగ్గరికి పంపుతున్నాను. నీకున్నది ఒక్క గదే అని తెలుసు. మంచం ఆయనకిచ్చి నువ్వు చాప వేసుకో.

నా దిగులంతా తిండి గురించే. నీ వంట నాకు తెలియంది కాదు. అన్నం పొయ్యి మీద పెట్టమంటే మాడ్చి, అమ్మ తిడుతుందని గిన్నెతో సహా పాయలో పారేసి వచ్చినదానివి. ఆయనకి కల్దూ తప్ప ఏదీ సయించదు. అదీ నా చేతిది. కాబట్టి జాగ్రత్తగా చదువు. చేప తెల్లదై ఉండాలి, ఆ పొద్దున పట్టిందై ఉండాలి. నీళ్ళలో ఉల్లిపాయ, టమాటా, బెండకాయలు, గుప్పెడు గోంగూర వేసి పొయ్యి మీద పెట్టు. నాలుగు మిరపకాయలు తొడిమలతో సహా వెయ్యి. బాగా మరిగాక చేప. దించే ముందు నిమ్మకాయలు పిండు, పిసినారితనం చెయ్యకు. వేడన్నం మీద పోసి, పైన ఎర్ర నూనె ఒక గరిటె. పామ్ పళ్ళ నూనె నేనే తీసి సీసాలో పంపుతున్నాను, అక్కడి అంగడి నూనె వాడకు.

ఆయన్ని కాస్త నవ్వించు. నువ్వు వేళాకోళమాడితే నవ్వుతారు. మరీ ఎక్కువ నవ్వించకు.

మీ అక్క
హోనొరీన్


మెదీనా, దకార్
ఆగస్టు నెలాఖరు

అక్కా,

బావ క్షేమంగా చేరాడు. ఓడలో పనిచేసే అతని పినతండ్రి కొడుకు ఎతియెన్ మా గుమ్మం దాకా దిగబెట్టి వెళ్ళాడు. ఇకనుంచి ఉత్తరాలు అతని చేతికే ఇద్దాం. పోస్టు కంటే ముందొస్తాయి.

డాక్టరు చూశాడు. కడుపులో పుండట. ఇంట్లో ఏం తింటావని అడిగితే బావ చెప్పాడు, మిరపకాయలు, నిమ్మరసం, పైన ఎర్ర నూనె అని. డాక్టరు కలం కింద పెట్టేసి, "పుండు మీద కారం చల్లడమంటే ఇదేనయ్యా" అన్నాడు. అవన్నీ బంద్. నూనె లేదు, కారం లేదు, పులుపు లేదు. తెల్లచేప, కూరగాయలు, పల్చటి నీళ్ళు. అంతే పథ్యం.

ఇలా చేస్తున్నాను. బజార్లో నా కూరగాయల కొట్టు ఉంది కాబట్టి క్యారెట్, క్యాబేజీ, టర్నిప్ దుంపలకి లోటు లేదు. వాటిని సన్నగా తరిగి, ఒక ఉల్లిపాయతో కలిపి మెత్తబడేదాకా ఉడికిస్తాను. చిటికెడు ఉప్పు. తర్వాత మంట తగ్గించి చేప ముక్కలు జారవిడుస్తాను. నీళ్ళు మరగకూడదక్కా, ఊరికే వణకాలి. మరిగాయంటే చేప విరిగి పీచు పీచైపోతుంది. గాజులా ఉన్న కండ పాలలా తెల్లబడగానే దించేస్తాను. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే గిన్నె అడుగున వేసిన పువ్వులు కనిపిస్తాయి.

బావ రెండు గిన్నెలు తాగాడు. తాగి, "బిబియాన్, ఇన్నేళ్ళుగా నాకు మిరపకాయ రుచే తెలుసు. చేప రుచి ఇదా!" అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. చెప్పేశాను.

నువ్వు వంగి పనిచెయ్యకు. మీ అత్త మాటలకి రోషపడి ఒళ్ళు హూనం చేసుకోకు.

బిబియాన్


ఎలింకిన్
సెప్టెంబరు

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి, ఆయన తింటున్నారని సంతోషమేసింది. రెండోసారి చదివేసరికి ఆ సంతోషం ఎటు పోయిందో.

మిరపకాయ రుచే తెలుసన్నారా? పదేళ్ళుగా గిన్నె ఊడ్చి మరీ తిన్నప్పుడు ఆ మాట ఎందుకనలేదో అడుగు. ఉప్పూ కారం లేని నీళ్ళలో క్యాబేజీ ముక్కలు తేలేస్తే అది కల్దూ అయిపోతుందా? అది బాలింతలకూ పళ్ళూడినవాళ్ళకూ పెట్టే చప్పిడి కూడు. డాక్టరు పెట్టమంటే పెట్టు, నేను కాదనను. దాన్ని కల్దూ అని మాత్రం పిలవకు. వేరే పేరేదైనా పెట్టుకో.

అత్తకి చదివి వినిపించడం నాదే బుద్ధితక్కువ. "పోనీలే, ఇన్నాళ్ళకి మావాడి నోటికి హితవైన తిండి దొరికింది" అంది. అక్కడితో ఆగిందా? సాయంత్రం ఆల్చిప్పలు ఒలుస్తూ పక్కింటావిడతో, నాకు వినపడేలా అంటోంది కదా, "ఆ ఏడు కుస్తీల్లో మావాడు గెలిచి, పిల్లని ఎంచుకోవడానికి ఆడపిల్లల వరస ముందుకొచ్చి ఎవరి ముందు ఆగాడనుకున్నావు? చిన్నదాని ముందు. అది దకార్ ఓడ ఎక్కేయబట్టి పెద్దది మా ఇంటికొచ్చింది."

నేనప్పుడు నీ పక్కనే నిలబడి ఉన్నాను. మన ఇద్దరి భుజాలూ రాసుకుంటున్నాయి. ఆయన ఆగింది ఎవరి ముందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. అడిగితే ఏం చెబుతారోనని.

సరే, పాత సంగతులెందుకు. ఆయన చేత నాలుగు ముక్కలు రాయించు. మిషన్ బడిలో చదివిన చెయ్యి, నాకంటే గుండ్రంగా రాస్తారు. ఆయన మాటలు నీ చేతిరాతలో చదవడం నాకేం బాగాలేదు.

నువ్వు చాప మీదే పడుకుంటున్నావు కదా?

హోనొరీన్


మెదీనా, దకార్
సెప్టెంబరు నెలాఖరు

అక్కా,

చాప మీదే. నడుం పట్టేసింది కూడా. సంతోషమేనా?

బావ దివ్యంగా ఉన్నాడు. బుగ్గలొచ్చాయి. సాయంత్రాలు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఈ వీధి ఆడవాళ్ళందరికీ కుళాయి దగ్గర పనులు పుట్టుకొస్తున్నాయి. పొద్దున్నే నాతో చేపల రేవుకి కూడా వస్తున్నాడు. మొన్న చేపలావిడ, "మీ ఆయనకోసం మంచి థియోఫ్ తీసి ఉంచానమ్మా" అంది. థియోఫ్ అంటే ఇక్కడివాళ్ళకి అంతకు మించిన తెల్లచేప లేదు. నేను కాదనలేదు. మొగుడున్నదానికి తాజా చేప ఇస్తారు, ఒంటిదానికి నిన్నటిది అంటగడతారు. మా ఆయన ఓడెక్కి పోయిన ఏడేళ్ళకి మొదటిసారి తాజా చేప చేతికొచ్చింది.

నువ్వు చప్పిడి కూడు అన్నావని చెబితే బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉత్తరం రాయమంటే, "నువ్వు రాస్తున్నావుగా, మళ్ళీ నేనెందుకు" అంటాడు. మగవాళ్ళంతా అంతే.

ఇంకో నెలో రెండు నెలలో ఉండాలన్నాడు డాక్టరు. తొందరేముంది? నా చేతి తిండికి అలవాటుపడ్డాడు. ఇప్పుడు పంపిస్తే నీ కారం తట్టుకోలేడు.

అన్నట్టు, చిన్నప్పుడు జబ్బు చేసి ఏదీ మింగుడుపడనప్పుడు బావకి వాళ్ళమ్మ ఏం పెట్టేదో కనుక్కుని రాయి. ఊరికే, తెలుసుకుందామని. వచ్చే ఓడకే రాయి.

నువ్వు సరిగ్గా తింటున్నావా?

బిబియాన్


ఎలింకిన్
అక్టోబరు

బిబియాన్,

తింటున్నానా అని అడుగుతావా? తింటున్నాను. నీ ఉత్తరం చదివిన పూట కోపం కోపంగా కూర్చుని ఇద్దరి అన్నం తిన్నాను.

ఎతియెన్‌ని నిలదీశాను. "మీ అన్న ఎలా ఉన్నాడయ్యా?" అంటే నా కళ్ళలోకి చూడకుండా, "బాగానే ఉన్నాడు వదినా" అని కాళ్ళకేసి చూసుకున్నాడు. "అక్కడేం జరుగుతోంది?" అంటే, "నన్నడక్కు వదినా, నీకు దండం పెడతాను" అని ఓడ అప్పుడే పోతోందన్నట్టు పరుగెత్తాడు. ఓడ మర్నాడు. నేను పసిపిల్లనా, అర్థం చేసుకోలేకపోవడానికి?

ఇంకో సంగతి విను. నీ చప్పిడి కూడు నేనూ వండాను. అందులో ఏముందో, ఇంటిని మరిపించేంతటి రుచి ఏముందో చూద్దామని. క్యారెట్ల కోసం జిగించోర్ పట్నం దాకా కబురుపెట్టాను. మొదటిసారి నీళ్ళు మరిగి చేప చెదిరిపోయింది. కోళ్ళకి పోశాను. రెండోసారి పొయ్యి దగ్గరే కూర్చుని, ఒక్కో కట్టె లాగుతూ, నువ్వు చెప్పినట్టే వణికించాను. తేటగా వచ్చింది. నోట్లో పెట్టుకుంటే చేప నాలుక మీద విడిపోయింది, క్యారెట్ తియ్యదనం నీళ్ళలోకి దిగింది. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి నాకు ఎంత ఒళ్ళు మండిందో నీకు తెలియదు. గిన్నె అక్కడే వదిలేసి లేచిపోయాను.

వాళ్ళమ్మ ఏం పెట్టేదో కావాలా నీకు? అత్త చెప్పింది. నాకు తెలుసు. రాయను. నా మొగుడు నీ మంచం మీద పడుకుంటాడు, నీతో రేవుకొస్తాడు, నీ మొగుడని పిలిపించుకుంటాడు, ఇప్పుడు ఆయన పసితనం కూడా నీకే కావాలా? ఒక్కటైనా నాకు ఉండనీ.

నీ మొగుడు మార్సెయ్ ఓడ ఎక్కి ఎందుకు తిరిగి రాలేదో జనం అడిగితే ఇన్నాళ్ళూ నీ తరఫున పోట్లాడాను. ఇకమీదట పోట్లాడను.

వచ్చే ఓడకి నేనే వస్తున్నాను. కడుపుంటే ఉండనీ.

హోనొరీన్


మెదీనా, దకార్
అక్టోబరు

అక్కా,

నువ్వు రావద్దు. ఎనిమిదో నెలలో ఓడ ఎక్కనివ్వరు, ఎక్కినా నేను తలుపు తియ్యను. ముందు కను. ఆ తర్వాత వచ్చి నా జుట్టు పట్టుకుందువుగాని.

నువ్వన్న మాట చదివాను. సరే. కోపంగానే ఉండు.

బిబియాన్


ఎలింకిన్
నవంబరు

చెల్లీ,

వేపుడు బియ్యం జావ. కొత్త బియ్యాన్ని పెంకు మీద దోరగా వేయించాలి, మాడకూడదు. రోట్లో రవ్వలా దంచి, పల్చగా కాచి, కొద్దిగా ఉప్పేసి, గోరువెచ్చగా చెంచాతో పట్టాలి. ముందు ఇది చెయ్యి. మిగతాది తర్వాత చదువు.

ఆడపిల్ల పుట్టింది. నేనూ పాపా బాగున్నాం. పురిటి కబురు విని ఎతియెన్ చూడ్డానికొచ్చాడు. పాపని చేతిలో పెట్టాను. పట్టుకుని నిలబడినవాడు నిలబడినట్టే ఏడుపు అందుకున్నాడు. "వదినా, ఇక నావల్ల కాదు. బిబియాన్ ఒట్టు వేయించుకుంది నాచేత. నువ్వు కనేశావు కాబట్టి ఒట్టు తీరిపోయినట్టే" అని అంతా చెప్పాడు. ఆసుపత్రి గేటు దగ్గర రోజూ పొద్దున గుడ్డ కట్టిన గిన్నెతో నువ్వు నిలబడి ఉంటావట. కొట్టు మూతపడి రెండు నెలలైందట. అన్న వాకిట్లో కుర్చీలో కూర్చోవడం తను ఒక్కసారీ చూడలేదన్నాడు.

నేను మంచం మీద నుంచి లేవలేను. ఏం దాచావే నా దగ్గర? ఎందుకు దాచావు? నేను ఇక్కడ నీ మీద కారాలు మిరియాలు నూరుతుంటే నువ్వు...

ఆయన ఉన్నారా? ఒక్క ముక్క రాయి. ఉన్నారా?

అక్క


మెదీనా, దకార్
నవంబరు

అక్కా,

ఉన్నాడు. ఆ మాట చదువుకుని, పాపకి పాలిచ్చి, ఆ తర్వాత మిగతాది చదువు.

నా మొదటి ఉత్తరంలో ప్రతి మాటా నిజం. రెండు గిన్నెలు తాగాడు, మిరపకాయల మాటా అన్నాడు. సెప్టెంబరులో ఒక పొద్దున వాకిట్లో మొహం కడుక్కుంటూ కూలిపోయాడు. పుండు పగిలిందన్నారు. ఆ పూటే కోశారు. లోపల చీము పట్టిందని మళ్ళీ కోశారు. బుగ్గలూ లేవు, కుళాయి దగ్గర ఆడవాళ్ళూ లేరు. పొద్దున్నే కల్దూ కాచి, ముక్కలు తీసేసి, తేట నీళ్ళు మాత్రం పట్టుకెళ్ళేదాన్ని. ఒక రోజు రెండు చెంచాలు దిగేవి. ఒక రోజు అవీ నిలిచేవి కావు. కలం పట్టుకునే శక్తి ఎక్కడిది అతనికి?

నీకు రాద్దామని కాగితం ముందేసుకున్నాను. అమ్మ గుర్తొచ్చింది. నాన్న దోనె తిరగబడిందని ఎవరో కబురు తెచ్చిన రోజు అమ్మకి ఏడో నెల. నాన్న సాయంత్రానికి నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. కడుపులో తమ్ముడు మాత్రం నిలవలేదు. నువ్వు పొలంలో ఉన్నావు. అమ్మ పక్కన ఉన్నది నేను.

భయపడితే నువ్వు ముద్ద ముట్టవు. కోపమొస్తే రెండు ముద్దలు ఎక్కువే తింటావు. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని కోపం తెప్పించాను. నీకు ఎక్కడ మండుతుందో నాకంటే ఎవరికి తెలుసు? కుర్చీ, కుళాయి, పకపకలు, అన్నీ కల్పించాను. చేపలావిడ మాట మాత్రం కల్పన కాదు. అతను ఆసుపత్రిలో ఉండగా నేనొక్కదాన్నే వెళ్ళాను. "మీ ఆయనకి ఇప్పుడెలా ఉందమ్మా?" అని మంచి చేప తీసిచ్చింది. మా బావ అని చెప్పబోయి, చెప్పలేదు. దానికి నన్ను తిట్టు, పడతాను.

మార్సెయ్ ఓడ మాట గుచ్చుకుంది. రెచ్చగొట్టింది నేనే కాబట్టి మింగాను. అయినా గుచ్చుకుంది. నీకు తెలియాలని రాస్తున్నాను.

కుస్తీల్లో ఎవరి ముందు ఆగాడో నాకూ తెలియదు. నేనూ అడగలేదు.

ఎతియెన్ నీ ఉత్తరం ఇవ్వగానే గుమ్మంలోనే చదివి బియ్యం వేయించాను. అర గిన్నె తాగాడు. నిలిచింది. ఇన్ని వారాల్లో కడుపులో నిలిచిన మొదటి తిండి అది. "ఇది మా అమ్మ జావ. నీకెవరు చెప్పారు?" అన్నాడు. "నీ పెళ్ళాం" అన్నాను. నెల ముందు ఈ సంగతి రాసి ఉంటే అని నేను అనుకోలేదంటే అబద్ధం. అనుకున్నాను. నువ్వూ అనుకునే ఉంటావు కాబట్టి ఇంకోసారి ఆ ఊసెత్తను.

కూతురు పుట్టిందని చెబితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే, "ముక్కు ఎవరిదట?" అని అడిగాడు. రాయి.

బిబియాన్


ఎలింకిన్
1977 జనవరి

చెల్లీ,

చేరారు. ఎతియెన్ ఒక చెయ్యి పట్టుకున్నాడు, నేను ఒకటి పట్టుకున్నాను. ఆయన బరువంతా నా భుజం మీద మోపితే నీళ్ళ కుండంత కూడా లేదు. అత్త వాకిట్లో నిలబడి కొడుకుని చూసి, లోపలికెళ్ళి కోతలకి దాచిన కోడిని కోసింది. అది పనికిరాదత్తా అంటే, "నాకు తెలుసు, నా చేతులకి ఏదో ఒక పని కావాలి" అంది. పాప ముక్కు ఆవిడదే. ఆయన చూసి అదే అన్నారు.

నీకు నేనన్న మాటకి ఏం రాయాలో తోచక నాలుగు కాగితాలు చింపాను. మనిద్దరం ఎదురుపడినప్పుడు నువ్వు నా చెంప మీద ఒకటి కొట్టు. కాగితం మీద అయ్యే పని కాదు.

రోజూ నీ కల్దూనే వండుతున్నాను. అవును, కల్దూ అనే రాశాను. పొయ్యి మీద గిన్నె పెట్టి, చంకలో పాపతో, నీళ్ళు వణకడం చూస్తూ కూర్చుంటాను. ఆయన తిని, "బాగుంది" అంటారు. నీదానితో పోల్చరు. పోలిస్తే పోట్లాడేదాన్ని. పోల్చకపోవడమే గుచ్చుకుంటోంది.

దాచడమెందుకు, ఇదీ రాస్తాను. వచ్చిన రోజు గిన్నె చేతికివ్వబోతే ఆయన చెయ్యి చాపలేదు. నోరు తెరిచారు. చెంచా కోసం. వెంటనే సిగ్గుపడి చెయ్యి చాపారనుకో. కానీ నేను చూశాను. పదేళ్ళ కాపురంలో ఆయన అలా నోరు తెరవడం నేనెరగను. అది నీకు తెలుసు. నిద్రలో ఏదో కలవరిస్తున్నారు. ఏమిటని అడిగితే, "ఏం లేదు, బిబియాన్‌కి తెలుసులే" అని నోరుజారి, మళ్ళీ పెదవి విప్పడం లేదు.

ఇదివరకు నువ్వు కల్పించినవాటి మీద పడి ఏడ్చాను. కుర్చీ మీద, కుళాయి మీద. ఇప్పుడు వాటిని తలుచుకుంటే నవ్వొస్తోంది. దీనికి నవ్వు రావడం లేదు. ఆయన ఎప్పుడూ నా ముందు బెదరలేదు. నీ ముందు బెదిరారు. ఆయన మంచి రోజులన్నీ నా దగ్గరున్నాయి, కష్టపు రోజులు మాత్రం నీ దగ్గరుండిపోయాయి. నా మొగుడిలో ఒక ముక్క నీ గదిలో ఉండిపోయింది, అది నాకు కావాలి.

ఆయన ఏమన్నారో, ఎలా ఉన్నారో, అన్నీ రాయి. ఒక్కటీ వదలకు.

అక్క


మెదీనా, దకార్
ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు ఓడలు ఊరికే పోనిచ్చాను. రాయాలా వద్దా అని.

అందులో ఒకటి నీది. నీది నీకు ఇచ్చేస్తాను. రెండోసారి కోసిన తర్వాత, చుక్క నీళ్ళు కూడా దిగని రోజుల్లో, "బిబియాన్, మీ అక్క కల్దూ ఒకసారి చెయ్యి" అన్నాడు. "చస్తావా?" అన్నాను. "తిననులే. ఊరికే పక్కన పెట్టు" అన్నాడు. చేశాను. మిరపకాయలు, నిమ్మకాయలు, గోంగూర, ఎర్ర నూనె, అన్నీ వేసి, నువ్వు చేసినట్టే. వార్డులో మూత తీసేసరికి పక్క మంచం మీది ముసలాయన లేచి కూర్చుని, "ఎవరి ఇల్లమ్మా అది?" అన్నాడు. నర్సు పరుగెత్తుకొచ్చి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. బావ ఆ ఆవిరి మొహానికి తగిలేలా గిన్నె దగ్గరికి లాక్కుని, అది చల్లారేదాకా అలాగే ఉండి, నిద్రపోయాడు. మూలుగు లేకుండా. ఆ నెలలో అదే మొదటిసారి.

నేను రోజూ తెల్లవారుతూనే లేచి, రేవుకెళ్ళి, కాచి, వడగట్టి, నడిచి తీసుకెళ్ళిన నీళ్ళు అతన్ని బతికించి ఉండచ్చు. నిద్రపుచ్చింది మాత్రం నీది. ఆ గిన్నె బయటికి తెచ్చి మెట్ల మీద కూర్చుని చల్లారిన కల్దూ మొత్తం నేనే తినేశాను. కళ్ళ నీళ్ళు కారాయి. కొంత కారానికి. ఆ రోజు నిన్ను చూసి నాకెంత కుళ్ళు పుట్టిందో నీకు చెప్పినా అర్థం కాదు. అసూయ నీ ఒక్కదాని సొత్తనుకున్నావా?

మిగతావి రాయను.

అడిగావు కదా అని, చెల్లెలిని కదా అని, రాసేద్దామని నిన్న కూర్చున్నాను. నాలుగు వాక్యాలు రాశాక ఆగిపోయాను. భయపడి అతను అన్న మాటలు నాతో అన్నాడు. నిన్ను తలుచుకుని అన్నవే అయినా, విన్న చెవులు నావి. నీకు ఇల్లుంది, మడులున్నాయి, పాపుంది, పొద్దున్నే లేచి చూసుకోవడానికి ఆ మనిషి మొహముంది. ఏడేళ్ళుగా ఈ గదిలో నాకు దొరికింది ఆ నాలుగు నెలలు. ఎలాంటివైతేనేం. అవి నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇన్నాళ్ళూ లేనిదానికి నా మీద మండిపడ్డావు. ఇప్పుడు ఉన్నదానికి పడు. నేను కాదనను.

ఈ ఓడలో తట్ట క్యారెట్లు, టర్నిప్ దుంపలు పంపుతున్నాను. పాపకి కూడా ఆ నీళ్ళు ఒక చెంచా పట్టే రోజు వస్తుంది. అప్పుడు ఉప్పు వెయ్యకు.

బిబియాన్